అరుపుల బండలు

పొద్దున్నే చద్దన్నం తిని నాపరాళ్ళ గనికి పోవడం, పొద్దుగూకాక రావడం, వచ్చాక చర్చి ముందు కూచుని పిల్లల కోలాటం చూడడం. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఆ ఏడు, క్రిస్మస్ నెలంతా సారమ్మకి ఇదే వరస. నడికుడి దగ్గరి ఆ పల్లెలో కోలాటం నేర్పేది మాచర్ల నుంచి వచ్చే జీవరత్నం పంతులు. ఇంటికొక పూట వంతున అన్నం పెట్టి పండగ దాకా ఉంచుకునేవాళ్ళు. ఆయన కాలు తప్పగా చూసినవాళ్ళు లేరు. పిల్లల కాలు తప్పిందా, ఉరిమేవాడు.

"ఒసేయ్ మొద్దు మొహమా! అడుగా అది, గేదె తొక్కుడా?"

ఆ వెంటనే ధబ్బున రాయి పడేది. పంతులు అరిచిన ప్రతి అరుపూ నల్లటి నాపరాయై పిల్లల కాళ్ళ ముందు పడేది. పల్నాట్లో రాళ్ళకి కొదవేముంది? "పక్కకి జరుపుకోండే, కాలికి తగులుద్ది" అనేవాళ్ళు పెద్దవాళ్ళు, అంతే.

సారమ్మ మాత్రం వాటిని గంపకెత్తుకుపోయి ఇంటి వెనక పేర్చుకునేది. కిందటేడు తన పెద్దపిల్ల దయామణి ఈ పంతులు దగ్గరే పాట ఎత్తేది. పండగ నాటికి దాని నోట మాట పడిపోయింది. మళ్ళీ రాలేదు. ఈ ఏడు పాట ఎత్తే వంతు చిన్నది నిర్మలకి వచ్చింది. వారం తిరక్కుండా అదీ అన్నం కావాలా అంటే తలూపడం మొదలెట్టింది.

సారమ్మ సంఘపెద్ద పేతురు దగ్గరికి పోయింది.

"పిల్లని మాన్పిస్తా మామా."

"పండగ ముందరా? ఊరు నవ్వదా? అయినా అరవకపోతే విద్య వచ్చుద్దా ఏందే? ఎద్దయినా అదిలిస్తేనే గదా నడిచేది."

"ఎద్దుకి పాట నేర్పట్లా గదా మామా."

"నీ నోటికో దణ్ణం. పోయి పని చూసుకో."

సారమ్మ పనే చూసుకుంది. చర్చి ముందు దుమ్ము లేస్తంది, కూలి లేకుండా బండలు పరుస్తానంది. పేతురు పొంగిపోయాడు. పిల్లలు తిరిగే చోటంతా గనిరాళ్ళు పరిచింది. నడుమ మటుకు ఇంటి వెనకవి తెచ్చి పరిచింది. దయామణి ముందు ఆఖర్న పడ్డ రాయిని నట్టనడుమ పెట్టింది.

పండగనాడు ఆఖరి పాటకి పంతులు గజ్జె కట్టి పిల్లల నడుమకి దిగాలి. పాట అయ్యేదాకా బయటికి రాకూడదు. ఆ కట్టుబాటు ఆయన పెట్టిందే.

జీవరత్నం తొలి అడుగు వేశాడు.

"ఒసేయ్ మొద్దు మొహమా!" అంది కాలికింది బండ, అచ్చం ఆయన గొంతుతో.

ఉలిక్కిపడి పక్క బండ మీదికి గెంతాడు.

"అడుగా అది, గేదె తొక్కుడా?" అంది అది.

"ఒరేయ్, పంతులికీ పంతులు దొరికాడ్రోయ్!" అని నడికుడి నుంచి వచ్చిన రైలోళ్ళు ఈలలేశారు. ఆయన కాలు తప్పింది. తప్పినకొద్దీ బండలు అరిచాయి. బయటికి రాబోతే సారమ్మ అడ్డం నిలబడింది.

"పాట అవలేదు పంతులుగారూ."

"ఇట్టా అరుస్తుంటే ఎట్టా ఆడేదమ్మా?" ఆయన అంత మెత్తగా మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"పిల్లలు ఆడలా?"

పంతులు వెనక్కి తగ్గి నట్టనడుమ రాయి మీద కాలు పెట్టాడు. అది ఏమందో ఆయనొక్కడికే వినపడింది. తెరిచిన నోరు తెరిచినట్టే చతికిలబడ్డాడు.

అదిలించేవాడు లేక పిల్లలు మొహాలు చూసుకున్నారు. నిర్మల సన్నగా పాట ఎత్తింది. కోలలు కలిశాయి. ఒకరిద్దరు తప్పారు, నవ్వుకున్నారు, మళ్ళీ అందుకున్నారు. నిర్మల గొంతు చర్చి కప్పు దాటి పోయింది. సారమ్మ చూపు పంతులు మీద నుంచి కదల్లేదు.

"పగ తీరిందా?" అన్నాడు పేతురు తర్వాత.

"దయామణినడుగు మామా, చెప్పుద్దేమో."

మర్నాడు జీవరత్నం నడికుడి స్టేషన్లో టిక్కెట్టు కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఎక్కడికయ్యా? చెప్పవేం? మూగోడివా?" అని కసిరాడు టిక్కెట్ల బాబు. పంతులు నోట గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆయన్ని సాగనంపడానికి వచ్చిన సారమ్మ, వెనక నుంచి అంది:

"మాచర్లకి బాబూ. గట్టిగా అడక్కండి, బెదురుతాడు."