గోపురానికి ఉత్తరాలు రావు

జసీంటా ముప్ఫై నాలుగేళ్ళు పోర్టో పాతపట్నంలో ఉత్తరాలు పంచింది. వానాకాలం వస్తే ఏ తలుపు ఉబ్బి తెరుచుకోదో, ఏ ఇంటి పెద్దాయన మూడుసార్లు తడితేగానీ కదలడో, ఏ సందులో ఎన్ని మెట్లుంటాయో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఉద్యోగం మానేసి ఐదేళ్ళయినా కాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున ఎనిమిదయ్యేసరికి వీధిలో ఉండాల్సిందే.

ఆమె అన్న కూతురు లీడియా పూలవీధి వెనక సందులో నాలుగు గదుల బస నడుపుతోంది. దిగినవాళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకరోజు అత్త ముందు కాగితం, కలం పెట్టింది.

"ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాయత్తా. గదుల్లో అంటిస్తాను."

జసీంటా ఆలోచించకుండా రాసుకుపోయింది. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, చినుకు పడితే మన రాళ్ళు సబ్బుబిళ్ళల్లా జారతాయి. పొద్దున కొండమీద మొదలుపెట్టి దిగుతూ రండి, సాయంత్రం నది దగ్గర తాడుతో లాగే బండెక్కి పైకి రండి. సావ్ బెంతో స్టేషనులో నీలంపెంకుల గోడల్ని తొమ్మిదిలోపే చూడండి, ఆ తర్వాత కనిపించేవి జనం వీపులే. ఇనుప వంతెనకు రెండు అంతస్తులు, పైదాని మీద వెళ్ళి కిందిదాని మీద తిరిగి రండి. రొట్టె మధ్యన మూడురకాల మాంసం పెట్టి, జున్ను కప్పి, పులుసు పోసి ఇచ్చే ఫ్రాన్సెసీన్యా మధ్యాహ్నం తిన్నారంటే ఇక ఆ రోజు మంచానికే అంకితం. అలసిపోతే ఏ గుమ్మం ముందైనా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

లీడియా చదివి తల పైకెత్తింది. "బాగుంది. క్లేరిగోస్ గోపురం గురించి రాయలేదేం? అందరూ ముందడిగేది దాని గురించేగా."

"దాని గురించి నాకేం తెలుసే? అక్కడెవరికీ ఉత్తరాలు రావు."

"ఒక్కసారి కూడా ఎక్కలేదా?"

"చర్చి ఉత్తరాలు కింద తలుపు దగ్గర ఇచ్చేదాన్ని. రోజంతా మెట్లెక్కే మనిషి సరదాకి ఇంకో రెండొందల మెట్లెక్కుతుందా?"

లీడియా నవ్వి, ఆ కాగితాన్ని అలాగే గదుల్లో అంటించింది.

మే నెలాఖరున ఆ బసకు ఎతెల్వీనా అనే ఆవిడ వచ్చింది. ఊరు రేగువా దగ్గర, పోర్టో పక్కనే పారే డౌరో నదికి ఎగువన ద్రాక్షతోటల సీమ. డెబ్బై నాలుగేళ్ళు. కుడిమోకాలు సరిగా వంగదు, చేతికర్ర ఉంది. రెండురోజులు ఉంటానని చెప్పి, సంచినిండా తెచ్చిన చెర్రీపళ్ళలో లీడియా వద్దంటున్నా సగం ఆమె గిన్నెలో కుమ్మరించింది. లీడియాకు ఆ రోజు దుప్పట్లు ఉతికే పని. "మా అత్త చూపిస్తుందిలెండి, ఇక్కడ ఉత్తరాలు పంచిన మనిషి, ఊరంతా ఆవిడదే" అని జసీంటాకు అప్పగించింది.

ఇద్దరూ ముందు స్టేషనుకు వెళ్ళారు. అప్పటికింకా జనం రాలేదు. ఎత్తైన గోడల నిండా బొమ్మలు గీసిన నీలం పెంకులు పొద్దుటి వెలుగులో తడిసినట్టు మెరుస్తున్నాయి. రాజుల యుద్ధాల వైపు ఎతెల్వీనా చూడనైనా లేదు. పక్కగోడ మీద ద్రాక్షకోతల బొమ్మ ముందు నిలబడిపోయింది.

"ఇదిగో, ఈ బుట్ట మోసేవాడు అచ్చం మా పెదనాన్న" అంది. "నడుం అలాగే పెట్టేవాడు, బరువంతా తన ఒక్కడిదే అన్నట్టు."

జసీంటా ఆ గోడను కొన్ని వేలసార్లు చూసింది. బుట్ట మోసేవాడి నడుము మాత్రం అప్పుడే చూసింది.

కాఫీ తాగుతుండగా ఎతెల్వీనా చల్లగా చెప్పింది, "ఇక గోపురం ఎక్కుదాం."

"మోకాలు ఒప్పుకుంటుందా, ఎతెల్వీనాగారూ?"

"దాన్నడిగి ఏ పనీ చెయ్యలేదు నేను."

"రెండువందల ఇరవై ఐదు మెట్లు. ఇరుకు. లిఫ్టు లేదు. వంతెన మీంచి చూస్తే ఊరంతా ఇంతకంటే బాగా కనబడుతుంది, నా మాట వినండి."

ఎతెల్వీనా కప్పు పక్కకు జరిపింది. "మా నాన్న పడవవాడమ్మా. మా వైపు నుంచి ద్రాక్షసారాయి పీపాలు వేసుకుని ఇక్కడికి దిగొచ్చేవాడు. అప్పట్లో నదికి ఆనకట్టలు లేవు, సుడిగుండాలే. దారిలో ఎవరూ పాట పాడేవాళ్ళు కాదట. దూరాన ఈ గోపురం కొస కనబడ్డాక, ఇక ఊరొచ్చేసిందని అందరూ చొక్కాలు మార్చుకునేవాళ్ళట. ఒకసారి నిన్ను తీసుకెళ్ళి అక్కడెక్కిస్తాను, నేనొచ్చిన దారంతా కనబడుతుంది అనేవాడు. ఆయనకి తీరిక దొరకలేదు. తర్వాత నాకు దొరకలేదు."

జసీంటా లేచి ఆవిడ సంచి తన భుజానికి తగిలించుకుంది.

మొదటి వంద మెట్లు బాగానే గడిచాయి. ఎతెల్వీనా ప్రతి ఇరవైకీ ఆగి ఊపిరి తీసుకుంటూ పైకి లెక్కపెట్టింది. మెట్లు తిరిగేకొద్దీ రాతిగోడలు దగ్గరకు జరుగుతున్నట్టున్నాయి. పైనుంచి దిగేవాళ్ళు ఎదురైనప్పుడల్లా ఇద్దరూ గోడకు బల్లుల్లా అతుక్కోవాల్సి వచ్చింది. నూట అరవై రెండో మెట్టు దగ్గర, సన్నటి కిటికీ పక్కన, మోకాలు మొరాయించింది. ఎతెల్వీనా కిటికీగట్టు మీద కూలబడి కాలు చాపుకుంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"దిగుదాం" అంది జసీంటా.

"మీరెళ్ళండి. వెళ్ళి చూసొచ్చి నాకు చెప్పండి."

"మిమ్మల్నొదిలేసా?"

"నేనెక్కడికి పోతాను? వెళ్ళండమ్మా. పోస్టు తెచ్చిపెట్టడం మీ పనేగా."

జసీంటా వెళ్ళింది. మిగతా అరవై మూడు మెట్లు ఎక్కుతుంటే వింతగా అనిపించింది, చేతిలో ఉత్తరం లేకుండా ఇంత ఎత్తు ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. చివరి మలుపు తిరిగి కటకటాల వసారాలోకి రాగానే గాలి జుట్టు చెదరగొట్టింది.

కిందంతా ఎర్రపెంకుల కప్పులు. ఒకదాని మీదొకటి వాలి, ఒకదాని భుజం మీంచి ఇంకొకటి నదిని చూస్తున్నట్టున్నాయి. తను ముప్ఫై నాలుగేళ్ళు తలుపులుగా, గంటలుగా, మెట్లుగా ఎరిగిన ఇళ్ళన్నీ కలిసి ఇంత అందంగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. పెద్దచర్చి కోటలా కూర్చుని ఉంది. దాని అవతల ఇనుప వంతెన నదిని ఒక్క గెంతులో దాటింది. అవతలి ఒడ్డున గాయా వైపు సారాయి గిడ్డంగుల పొడవాటి కప్పులు. పడమట సన్నగా సముద్రం. సందులు కనబడలేదు, కప్పుల మధ్య నల్లటి గీతల్లా ఉన్నాయి అంతే. ఆ గీతల్లో తను ఇన్నాళ్ళూ నడిచింది.

కిటికీ దగ్గరికి దిగొచ్చేసరికి ఎతెల్వీనా ముఖంలో కాస్త రంగు తిరిగింది. "చెప్పండి" అంది.

"ఎదురుగా పూలవీధి. అందులో పన్నెండో నంబరు, గడియారాల ఆయనది. దాని వెనక మా లీడియా ఇల్లు, దుప్పట్లు ఆరేసింది, తెల్లగా కనబడుతున్నాయి. ఎడమన కొళాయి సందు, అక్కడ కుక్క ఉండేది..."

"నది?"

"నది ఉంది. పచ్చగా ఉంది."

"పచ్చగా ఉంది" అని ఎతెల్వీనా ఆ మాటే తిప్పి అంది. "జసీంటాగారూ, మీరు చెప్పేది చిరునామాలు. పోర్టో కాదు."

"నాకంతే వచ్చు. చెప్పడానికి మాటలు రాలేదండీ, ఒట్టు. అంత బాగుంది."

"అంత బాగుందా?"

"వంతెన మీంచే బాగా కనబడుతుందన్నాను చూడండి, నన్ను తన్నాలి."

ఎతెల్వీనాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కర్ర అందుకుంది. "చెయ్యివ్వండి. వెనకనుంచి నెట్టినా సరే, నేనేమీ అనుకోను."

అరవై మూడు మెట్లకు దాదాపు అరగంట పట్టింది. దిగేవాళ్ళు పైమలుపులోనే ఆగి దారిచ్చారు. ఒక పెద్దాయన తన టోపీ తీసి పట్టుకున్నాడు. జసీంటా నిజంగానే రెండుచోట్ల నెట్టింది.

పైకొచ్చాక ఎతెల్వీనా పెంకుల్నీ చర్చినీ చూడలేదు. తిన్నగా తూర్పువైపు వెళ్ళి కటకటాలు పట్టుకుంది. వంతెన అవతల నది కొండల మధ్య వంపు తిరిగి మాయమైపోతోంది.

"ఇంతేనా కనబడేది" అంది. "దారంతా అన్నాడు. అబద్ధాలకోరు." కానీ ఆ మాట అన్న గొంతులో మురిపెం ఉంది. "ఆ వంపు దగ్గరే అయ్యుంటుంది, చొక్కా మార్చుకునేది."

"అక్కణ్ణుంచి ఇది కనబడుతుందా?"

"ఆయన చెప్పాడుగా. ఇక నేను నమ్ముతాను."

తర్వాత ఇద్దరూ గోపురం చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఈసారి ఎతెల్వీనా అడుగుతుంటే జసీంటా చెప్పింది, ఎవరింట్లో పెళ్ళి జాబు ఇచ్చిందో, ఏ మేడమీద ముసలమ్మ బుట్టకు తాడు కట్టి ఉత్తరం పైకి లాక్కునేదో. దిగడానికి ఎక్కినంతసేపూ పట్టింది. కింద వీధి మూల అంగట్లో వేడివేడి పందిమాంసం బన్నులు నిలబడే తిన్నారు. ఎతెల్వీనా రెండు తింది.

మర్నాడు పొద్దున రైలు దగ్గర జసీంటా సంచి లోపలికి అందించింది. ఎతెల్వీనా కిటికీ దించి తల బయటపెట్టింది.

"సెప్టెంబరులో మా దగ్గర కోతలు. రా. టోపీ తెచ్చుకో, ఎండకి తల మాడుతుంది. రైల్లో కుడివైపు కూర్చో, తెలిసిందా? ఎడమవైపు కూర్చుంటే మట్టికొండ తప్ప ఏమీ కనబడదు. నది మొత్తం కుడివైపే."

"నన్ను 'నువ్వు' అంటున్నావు" అంది జసీంటా.

"వెనకనుంచి నెట్టించుకున్నాక ఇంకా మీరేమిటి?"

రైలు సొరంగంలోకి వెళ్ళిపోయింది. సెప్టెంబరు రెండోవారంలో జసీంటా గడ్డిటోపీ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే వెళ్ళి రేగువా రైల్లో కుడివైపు కిటికీ పక్కన కూర్చుంది.