ఐదో తరగతి లేచి నిలబడిన నిమిషం

“ఈ వారం కూడా నువ్వు మాటాడకపోతే మీ నాన్న లోపల ఏటైనా చేసేసుకుంటాడే, పూజా! అప్పుడు నానేటి చేసీది?”

పూజ తల ఎత్తలేదు. గుమ్మంలో కూర్చుని స్కూలు బూట్లకు తెల్లరంగు పూసుకుంటోంది.

ఆదివారం పదకొండింటికి జైలు నుంచి ఫోను వస్తుంది. ఐదే నిమిషాలు. తల్లి నూకాలమ్మ పదింటి నుంచీ ఫోను చేత్తో పట్టుకుని, తెలుగునేలకు దూరంగా, రైలు యార్డు పక్కనున్న నిమ్‌పురాలోని ఆ అద్దెగదిలో అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేస్తోంది. ఛార్జింగు పోతుందేమో, సిగ్నలు పోతుందేమో, అసలు మనిషే పోతాడేమో.

ఆమె మొగుడు వినోద్ ఇందా పేట రూట్లో ఆటో నడిపేవాడు. ఎవరో దొంగిలించిన ఇత్తడి గోనెల్లో వేసుకుపోతూ దొరికిపోయి ఐదు నెలలైంది. తెలిసి వేసుకున్నాడో, తెలియక వేసుకున్నాడో నూకాలమ్మ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

ఈ సంగతి బడిలో తెలిస్తే పిల్లని విడిగా కూర్చోబెడతారని ఆమెకు మరో బెంగ. అందుకే టీచరు దీదీ “పూజ వాళ్ళ నాన్న ఒక్క మీటింగుకీ రారేం?” అని అడగ్గానే, నోరు జారి కాదు, తెలిసే అనేసింది, ఆయన పోయారని. అన్నాక మెడలో పుస్తెలతాడు కనబడకుండా కొంగు కప్పుకుంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఐదో తరగతంతా లేచి, పూజ తండ్రి ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనంగా నిలబడింది. ఈ ముక్క అదే క్లాసులో చదివే పక్కింటి జెనీ వచ్చి చెప్పింది. పూజ చెప్పలేదు. ఆ రోజు నుంచి పూజకు తల్లితో మాటే లేదు. తొమ్మిది రోజులు. అన్నం పెడితే తింటుంది, జడ వేస్తే వేయించుకుంటుంది, అంతే.

ఫోను మోగింది. నూకాలమ్మ స్పీకరు నొక్కింది.

“హిందీ మే బాత్ కర్నా!” ముందుగా జైలు సిపాయి గొంతు. అతనికి తెలుగు రాదు. తనకు అర్థం కాని మాట నడవనివ్వడు.

“నూకాలూ, ఠీక్ హో?” అన్నాడు వినోద్. జైలు నీళ్ళపప్పుతో ఆటో కడుక్కోవచ్చని హిందీలో చెప్పి తనే నవ్వాడు. ఇవతల ఎవరూ నవ్వలేదు. “పూజా కహాఁ హై?”

పూజ చేతిలో బ్రష్షు ఆగింది. పిల్ల లేవలేదు.

పోయిన ఆదివారం జ్వరమని చెప్పి నెట్టుకొచ్చింది నూకాలమ్మ. ఇవాళ కూతురి వీపు ఎదురుగా కనిపిస్తుంటే ఆ అబద్ధం నోటికి రాలేదు. గుండెలో మాట ఆమెకు ఎప్పుడూ తెలుగులోనే వస్తుంది. తనకొచ్చిన బజారు హిందీలో వెతికితే, ఆ మాటను కాస్త చుట్టి ఇవ్వడానికి మెత్తటి గుడ్డముక్క కూడా దొరకలేదు.

“మైనే స్కూల్ మే బోల్ దియా,” అంది, “తుమ్ మర్ గయే.”

చచ్చిపోయావని చెప్పేశాను! కట్టుకున్నవాడితో, సిపాయి వింటుండగా.

తెరమీద సెకన్లు పరిగెడుతున్నాయి. పెట్టేశాడేమో, పడిపోయాడేమో అనుకుంది. పూజకు మొహం చూపించలేక గోడవైపు తిరిగిపోయింది.

“పూజా,” వినోద్ తెలుగులోకి వచ్చేశాడు. “బడిలో అలాగన్నప్పుడు నువ్వేటన్నావమ్మా?”

సిపాయి అడ్డుకోలేదు.

బూట్ల మీద రంగు ఆరిపోతోంది. యార్డులో ఎక్కడో రైలుపెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడు దూరం దాకా సాగి ఆగింది. నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

పూజ లేచి వచ్చి, తల్లి పక్కనే నిలబడి, ఫోనుకేసి వంగింది.

“ఏటీ అన్లేదు నాన్నా. అందరితోపాటు నేనూ నిలబడిపోనాను.”