నడిచి చూపించు

“ఒక్కసారి ఇటు నుంచి అటు నడిచి చూపించు” అన్నారు మా ఆయన, నేను టీ ట్రే ఇంకా బల్ల మీద పెట్టకముందే.

చూడాల్సినావిడ సోఫాలో కూర్చుని ఉన్నారు. మా వదిన, ఆయన అక్క. ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా తేల్చుకోలేక, చేయించుకున్నదాన్ని కళ్లారా చూద్దామని వచ్చారు.

నాకిది కొత్త కాదు. ఆయన స్నేహితులు, స్నేహితుల అత్తగార్లు, ఎవరు మోకాలు నొప్పి అన్నా మా హాల్లోకే వస్తారు. డాక్టరుని వెతికి పట్టుకున్నది తనే కాబట్టి మోకాలు కూడా తనదే అన్నట్టు ఉంటారాయన. ముందు ఫోన్‌లో ఎక్స్‌రే చూపించి, తరవాత నన్ను పిలుస్తారు. నాకు మొదటిసారి పెట్టిన కృత్రిమ కీలు వదులైపోతే, అదే మోకాలిని మళ్లీ కోసి, పాతది తీసేసి కొత్తది పెట్టారు. ఎక్స్‌రేలో అది దివ్యంగా ఉంటుంది. నొప్పి మాత్రం అందులో పడదు.

పొద్దున్నే మంచం దిగగానే, లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు మొదలవుతుంది. “కీలు చక్కగా అతుక్కుంది, కానీ కొందరికి నొప్పి ఇలా ఉండిపోతుంది, ఎందుకో చెప్పలేం” అన్నాడు డాక్టరు. ఆ మాటలో మొదటి సగమే ఆయన చెవికెక్కింది. చక్కగా అతుక్కుందట అని ఊరంతా చాటారు. మా ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుని కూర్చుని కాలు బిగుసుకుపోయి, లేచి నాలుగడుగులు వేశానంటే, “కూర్చునే ఉద్యోగమే కదా మేడమ్, మీకేం కష్టం?” అంటాడు మా పైఅధికారి.

నేను ఇంట్లో అడిగింది ఒక్కటే. మా పడకగది మేడమీద. కింద ఉన్న గది ఆయన ఆఫీసు. రిటైరైన మనిషికి ఆఫీసేమిటని అడక్కండి. అందులో ఒక పెద్ద బల్ల, ఒక కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో పేకాట. ఆ గదిలో నా మంచం వేయించమని బతిమాలాను, పోట్లాడాను, ఏడ్చాను కూడా. “మంచం కిందకి దించితే నువ్వు నిజంగానే రోగివైపోతావు. నీ మంచికే చెప్తున్నా” అన్నారు. ఇంకోసారి అడిగితే, “నిన్న వాళ్ల ముందు అంత బాగా నడిచావు, మెట్లకేమొచ్చింది?” అన్నారు. వంటిల్లు కింద, బట్టలు ఆరేసేది పైన. తడిబట్టల బకెట్ ఒక చేత్తో, రెయిలింగ్ ఇంకో చేత్తో పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ ఆన్చుకుంటూ ఎక్కుతాను. కింద గదిలోంచి కంప్యూటర్ ముక్కలు పంచుతున్న చప్పుడు వినబడుతూ ఉంటుంది.

ఇవాళ ట్రే పెట్టాను గానీ నడవలేదు. వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“నొప్పేమన్నా ఉంటుందా అమ్మాయ్?” అన్నారు వదిన.

“అబ్బే, ఏం లేదక్కా. పరుగులు పెడుతోంది” అన్నారాయన.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. “వదినా, మీరు అడిగింది ఎవరి మోకాలి గురించి?” అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి కూర్చున్నారు.

“ఉంది. రోజూ ఉంది. చాలామందికి బాగానే ఉంటుందట, చేయించుకోవద్దని నేననను. కానీ నాకుంది. మందులు మింగినా ఉంది, వ్యాయామాలు చేసినా ఉంది. రేపు మీకూ ఉంటే మాత్రం, మీ బదులు ఎవర్నీ మాట్లాడనివ్వకండి.”

“ఇంటికొచ్చినావిడ్ని హడలగొడతావేంటి?” అన్నారాయన.

“ఇవాళ్టి నుంచి నేను కింద గదిలో పడుకుంటాను” అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది.

“మరి నా ఆఫీసు?”

“మేడమీద బోలెడు చోటుంది.”

ఆయన నవ్వి, సాయం కోసం అక్క వైపు తిరిగారు. “చూశావా అక్కా, దీని మొండితనం!”

వదిన మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నారు. “నేను నొప్పి అన్నప్పుడల్లా మా ఇంట్లో టీవీ సౌండ్ పెంచుతార్రా” అన్నారు చివరికి తమ్ముడితో. తరవాత సోఫా చెయ్యి ఊతగా పట్టుకుని, అమ్మా అంటూ లేచారు. “ఆ బల్ల బరువా అమ్మాయ్?”

“బరువే వదినా.”

ఇద్దరం కుంటుకుంటూ ఆ గదిలోకి వెళ్లాం. కంప్యూటర్ తీసి కిటికీ గట్టు మీద పెట్టాం. చెరో కొసా పట్టుకుని లాగితే బల్ల కీచుమంటూ కదిలింది. నొప్పి తొడదాకా పాకింది. అయినా ఎవరో చూస్తున్నారని పళ్ల బిగువున దాచుకోలేదు. అబ్బా అని గట్టిగానే అరిచాను. అవతలి నుంచి వదిన కూడా అబ్బా అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆయన గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు. “జాగ్రత్త, జాగ్రత్త! గీతలు పడతాయి” అన్నారు, నేలకేసి చూస్తూ.

“పడనివ్వండి” అన్నాను, ఇంకాస్త గట్టిగా లాగుతూ.