పదకొండు రోజుల కొలువు

ట్రాలీ వెనక తలుపుకు రెండో కీలు అతికేసరికి ఎండ షెడ్డు లోపలిదాకా పాకింది. భద్రు ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం దించి, సుత్తితో అతుకు మీది చిట్టెం కొట్టాడు. అది పెంకులా రాలిపోయి, కింద చేప పొలుసుల్లాంటి గీత బయటపడింది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. వేడికి ఆ వేలు మొద్దుబారి చాలా ఏళ్లయింది.

కేసముద్రం స్టేషన్ రోడ్డులో, మార్కెట్ యార్డుకు తిరిగే మలుపు దగ్గర ఆ రేకుల షెడ్డు పడి నలభై ఏళ్లు. భద్రుకు అరవై ఒకటి. సన్నటి మనిషి, కొంచెం ఎడమకు ఒరిగి నడుస్తాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు చేసిన తెల్ల మచ్చలు.

ట్రాలీ యజమాని బుచ్చయ్య గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఇయ్యాల మీ తమ్ముడొస్తున్నడట గద? తండల గా వెల్డింగ్ నేర్పే షెడ్డు సురువు జేస్తరంట."

"వస్తడట."

"రాకెట్ల సామాను జేసే కంపెనీకి అంత పెద్ద సారై ఉండె. మా ఊరోడని చెప్పుకుంటె మాకే గొప్పగుంటది. ఇగ నీకెట్లుంటదో!"

"గా కడ్డీ ఇటియ్యి," అన్నాడు భద్రు.

ఎట్లుంటుందో అతను ఎవరికీ చెప్పలేదు.

చందూలాల్ అతని బాబాయి కొడుకు. ఆరు నెలలు చిన్న. ఇద్దరూ ఒకే తండాలో పెరిగి, ఒకే ఏడు వరంగల్ ఐటీఐలో చేరారు. భద్రు వెల్డర్, చందూలాల్ ఫిట్టర్. హైదరాబాద్‌లో ఒక విమానాల కర్మాగారం ఇద్దరినీ అప్రెంటిస్‌లుగా తీసుకుంది. ఒకే రైల్లో, ఒకే రేకు పెట్టెలో బట్టలు పెట్టుకుని వెళ్లారు.

భద్రు పదకొండో రోజు పారిపోయి వచ్చాడు. పెద్ద కారణమేమీ లేదు. అక్కడి సూపర్‌వైజరు అతని మాటను అందరి ముందు అనుకరించి నవ్వించేవాడు. క్యాంటీన్‌లో పళ్లెం అలాగే వదిలేసి లేచేవాడు. మొహం చెల్లక వరంగల్ స్టేషన్‌లోనే నాలుగు రోజులు గడిపి తండాకు చేరేసరికి, చందూలాల్ రాసిన ఉత్తరం అతనికంటే ముందే వచ్చి ఉంది. వెల్డర్లు ఎక్కువయ్యారని కంపెనీయే కొందరిని వెనక్కి పంపిందనీ, భియా తప్పేమీ లేదనీ. భియా అంటే వాళ్ల భాషలో అన్న.

తండా నమ్మింది. చందూలాల్ ఆ అబద్ధాన్ని నలభై ఏళ్లు కాపాడాడు. కట్టుకున్న పెళ్లానికి కూడా నిజం చెప్పినట్టు లేదు. భద్రు క్షమించలేకపోయింది సరిగ్గా దాన్నే.

వాడు చెడ్డవాడైతే ఎంత బాగుండేది. ఊరిని మరిచిపోయినా, అద్దాలు దించకుండా కారులో పోయినా మనసారా తిట్టుకోవడానికి వీలుండేది. చందూలాల్ సాయంకాలం కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు, కంపెనీ మారాడు, ఏటికేడు ఎదిగి ఉపాధ్యక్షుడయ్యాడు. అయినా రెండో ఆదివారం వచ్చిందంటే తండాలో ఉండేవాడు. చేతిపంపు విప్పి వాషర్లు తనే మార్చేవాడు. బడి మానిన పిల్లల ఇళ్లకు పోయి గడపలో కూర్చునేవాడు. తల్లి మంచాన పడితే హైదరాబాద్ తీసుకుపోయి, రెండేళ్లు తనే ఆమెకు తల దువ్వి జడ వేశాడు.

భద్రు తల్లి కూడా మంచాన పడింది. అతనూ సేవ చేశాడు. ఒక పొద్దున జావ తాగిస్తుంటే, గిన్నె పక్కకు తోసి, "చందు రాలేదా?" అని అడిగింది. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. జావ వాసన తగిలితే భద్రుకు ఇప్పటికీ గుర్తొచ్చేది తల్లి కాదు, ఆ ప్రశ్న.

ఇప్పుడు కూతురు నవ్య వంతు. పాలిటెక్నిక్ చదివిన పిల్ల. కొత్త షెడ్డులో పాఠాలు చెప్పబోయేది తనే. నోరు విప్పితే చందూలాల్ మాటే, "కాకా చెప్పిండు" అంటుంది. ఆ విద్య ఇంట్లో తండ్రి దగ్గరే ఉందని దానికి తోచలేదా అని భద్రు చాలాసార్లు అనుకున్నాడు. అడగలేదు.

పన్నెండున్నరకు షెడ్డు ముందు కారు ఆగింది.

చందూలాల్ దిగాడు. బట్టతల, పొట్టి చేతుల తెల్లచొక్కా, మెడ చుట్టూ చెమట. నాలుగడుగులకే ఆయాసపడుతూ వచ్చి బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. బుచ్చయ్య నమస్కారం పెట్టి, చాయ్ చెప్పడానికని బయటికి నడిచాడు.

చందూలాల్ ట్రాలీ అతుకు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపాడు.

"మాతాన అతుక్కు ఎక్స్‌రే తీస్తుండిరి భియా. దీనికి అక్కెర లేదు."

మెచ్చుకోవడం కూడా ఉన్నవాడికే చెల్లుతుందనిపించింది భద్రుకు. అన్నేళ్లు అదిమిపెట్టిన మాట తన్నుకొచ్చింది.

"గా ఉత్తరం ఎందుకు రాసినవ్?"

"ఏ ఉత్తరం?"

"కంపినే పంపిందని. నేను ఉరికొచ్చిన్నని నీకెరుకే గద. జాలిపడ్డవా నా మీద?"

చందూలాల్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"గా రాత్రి నేను గూడ బట్టలు సదురుకున్న భియా. తెల్లారినంక నీకు చెప్పి, ఇద్దరం ఎల్లిపోదామనుకున్న. లేసి జూస్తే నీ మంచం ఖాళీ. ఇద్దరం వాపసొస్తే మన తండ నుంచి మల్లొకన్ని ఎవలన్న పిలుస్తరా? గందుకే ఆగిన. జాలి గాదు. నువ్వు పోయినవు గాబట్టే నేనున్న."

భద్రు కొత్త కడ్డీ తీసుకున్నాడు. ఆ మాటకు మనసు తేలికపడాలి. పడలేదు. తన పారిపోవడం కూడా వాడికే మెట్టయిందన్నమాట. నలభై ఏళ్లు తనదని దాచుకున్న ఒక్క ఓటమి, అదీ వాడి ఖాతాలోకే పోయింది.

"నాలుగ్గొట్టంగ రా. నువ్వొస్తెనే సురువు."

"ట్రాలీ ఇయ్యాలె."

"రేపిస్తే ఏమైతది?"

భద్రు నల్లద్దం ముఖానికి పెట్టుకుని మంట ముట్టించాడు. వెలుగుకు చందూలాల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గుంజ పట్టుకుని లేచి, కారెక్కి తండా వైపు వెళ్లిపోయాడు.

మూడింటికే ట్రాలీ పని అయిపోయింది. బుచ్చయ్య దాన్ని తోలుకుపోయాడు. భద్రుకు ఇక చేసే పని లేదు. ఊడ్చిన షెడ్డునే మళ్లీ ఊడ్చాడు. నాలుగింటికి నవ్య ఫోన్ చేసింది. నాలుగున్నరకు మళ్లీ చేసింది. అతను ఫోన్‌ను సంచి కింద పెట్టాడు. తను లేకుండా అక్కడ ఏదీ ఆగదని తెలుసు. ఒక్కసారైనా ఆగితే బాగుండునని ఉంది.

ఆరు కావస్తుండగా బుచ్చయ్య మోటారు సైకిల్ మీద వచ్చాడు. బండి దిగకుండానే అన్నాడు.

"ఫోనెత్తవేందే భద్రన్నా? చందూలాల్ సారు కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట. మానుకోట దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వల్నే పానం పోయింది."

భద్రు చీపురు గోడకు ఆనించాడు. అది జారిపడితే వంగి మళ్లీ ఆనించాడు.

బుచ్చయ్య బండి మీద తండా చేరేసరికి మనుషులంతా రోడ్డు మీద నిలబడి, దవాఖాన నుంచి వచ్చే బండి కోసం చూస్తున్నారు. కొత్త షెడ్డులో నవ్య ఒక్కతే ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. తండ్రిని చూసి తిట్టలేదు.

"ఐదు దాంక నీ కోసమే ఆగిండు బాపూ. రిబ్బను వద్దన్నడు. మా భియా మొదటి అతుకేస్తడు, గదే సురువు అన్నడు. గా బెంచి మీది ఇనప ముక్కలకు వచ్చినకాడి నుంచి కాకనే ఆకురాయి పట్టిండు. నువ్వెందుకు కాకా అంటే, నేను ఫిట్టర్ని గాదా అన్నడు."

భద్రు బెంచీ దగ్గరికి వెళ్లాడు. చెప్పులు వాకిట్లోనే వదిలేశాడని తర్వాత తెలిసింది. బెంచీ మీద క్లాంపుల కింద బిగించిన ఇనప ముక్కల అంచుల మీద బొటనవేలు పెట్టి మెల్లగా నడిపాడు. మిట్ట ఉందేమో, ఒక మూల దిగిందేమో వెతికాడు. వేలు మొద్దుదని చూపుడువేలితో మళ్లీ వెతికాడు. ఎక్కడా దొరకలేదు.

"చందూ," అన్నాడు, కొట్లాటకు పిలిచినట్టు.

బయట బండి వచ్చిన చప్పుడుకు ఇద్దరూ పరుగెత్తారు. బెంచీ మీద, అతుకు కోసం వదిలిన అగ్గిపుల్ల పట్టేంత సందుతో ఎదురెదురుగా రెండు ఇనప ముక్కలు, అంచుల మీద ఆకురాయి గీతలు ఇంకా తెల్లగా మెరుస్తూ.