మెడికల్ కాలేజీ గోవిందు

నేను ఒక బొమ్మను. పిల్లలు ఆడుకునే బొమ్మను కాదు. డాక్టర్లు కాబోయేవాళ్ళు, ఆగిపోయిన గుండెను నొక్కి మళ్ళీ నడిపించడం నేర్చుకునే బొమ్మను. నడుం వరకే ఉంటాను. కాళ్ళూ చేతులూ నాకు అనవసరం అనుకున్నారు. ఏదో ఫ్యాక్టరీలో రబ్బరు తొడుగు వేసి, నోరు కాస్త తెరిచి, అట్టపెట్టెలో పడుకోబెట్టి గోదావరి ఒడ్డున ఉన్న ఒక మెడికల్ కాలేజీకి పంపారు.

తనిఖీకి పెద్దలు వచ్చినప్పుడు నన్ను తుడిచి బల్ల మీద పెట్టేవారు. వాళ్ళు టిఫిన్ చేసి వెళ్ళగానే మళ్ళీ పెట్టెలోకి. కొన్నేళ్ళకు మత్తుమందు విభాగం ప్రొఫెసర్ భానుమూర్తిగారి చేతికి వచ్చాను. మంచి మనిషి. కానీ ఆయన పాఠమంటే తెర మీది అక్షరాలు చదవడమే. విద్యార్థులు హాజరు పడేదాకా కూర్చునేవారు. నాకు గోవిందు అని పేరు పెట్టి, పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు.

క్లాసులో మొదటి ర్యాంకు సుకీర్తిది. నా మీద చేయాల్సిన పనంతా పరీక్షలో పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. నన్ను మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. “రాస్తే చాలు కదే, చేయించరుగా,” అని స్నేహితురాలితో అంది.

ఆ రోజు భానుమూర్తిగారు చదువుతూ చదువుతూ వాక్యం సగంలో ఆగారు. ఎవరూ ఫోన్లలోంచి తలెత్తలేదు. ఆయన బల్ల పట్టుకోబోయి, దాని మీదున్న నన్ను పట్టుకుని, నాతోపాటే కిందపడ్డారు.

ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. క్లాసంతా లేచి నిలబడింది. ఒక్కరూ అడుగు ముందుకు వేయలేదు. నేను నివ్వెరపోయాను. ఏం చేయాలో తెలియనివాళ్ళు కారే! సుకీర్తి పెదాలు కదులుతున్నాయి. చేయాల్సినవన్నీ వరస తప్పకుండా అప్పజెబుతోంది. చేతులు మాత్రం ఆప్రాన్ కొసను మెలిపెడుతున్నాయి.

“నీకు తెలుసు కదే, చెయ్యవే,” అంది స్నేహితురాలు ఏడుపు గొంతుతో.

అప్పుడు ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. ముందు పొట్ట మీద చేతులు పెట్టింది. తప్పని తెలిసి పైకి జరిపి నొక్కసాగింది. ఎవరో క్యాజువాలిటీకి పరుగెత్తారు. డాక్టర్లు వచ్చేదాకా ఆమె ఆపలేదు.

భానుమూర్తిగారు బతికారు. వేసవి సెలవులయ్యాక కాలేజీకి వచ్చారు. కానీ మెదడుకు రక్తం అందని ఆ కాసేపు ఆయన మాటల్ని చాలావరకు పట్టుకుపోయింది. గ్లాసు కావాలన్నా వేలితో చూపించాల్సిందే.

“నేను లేట్ చేశాను సార్,” అంది సుకీర్తి తల దించుకుని.

ఆయన కోప్పడలేదు. చాలాసేపు మాట కోసం తడుముకుని, చివరికి నన్ను చూపించి, “చె... చెయ్యి,” అన్నారు.

ఆమె చేసింది. ఆమె తర్వాత ఇంకొకరు. ఆపైన సాయంత్రాలు ల్యాబ్ తలుపు మూయనే లేదు. హాజరు వేసేవారు లేకపోయినా వచ్చి, చెమటలు కారేలా నొక్కేవారు. పక్కన కుర్చీలో కూర్చుని భానుమూర్తిగారు తల అడ్డంగానో నిలువుగానో ఊపేవారు.

ఇప్పుడు నేను పాతసామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. ఒక సాయంత్రం సుకీర్తి నొక్కుతుండగా నా ఛాతీలో స్ప్రింగు ఫట్‌మని తెగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. ఆమె చేతులు మాత్రం ఆగలేదు.