అరగదీసిన ట్రిగ్గర్

ఐలీ కుడిచేతి చూపుడువేలు కీళ్లవాతంతో వంకరపోయింది. బేకరీలో ఏళ్ల తరబడి పిండి పిసికిన చెయ్యి అది. పిండికి ఇంకా లొంగుతోంది గానీ, తండ్రి వదిలిపోయిన రైఫిల్ దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తోంది. ఆ రైఫిల్ ట్రిగ్గర్ కంపెనీలో పుట్టినప్పటి నుంచీ బిర్రే. లాగగా లాగగా, ఇక పేలదేమో అనుకున్నాక పేలుతుంది.

నిరుడు నవంబరులో గుండెకు గురిపెట్టిన దుప్పికి గుండు కడుపులో తగిలింది. లాగే బలానికి తుపాకీ మూతి పక్కకు జరిగిపోయింది. రక్తపు చుక్కలు పట్టుకుని పొద్దుగూకేదాకా నడిచి, దేవదారుల కింద బురదలో జాడ పోగొట్టుకుంది. ఆ మూగజీవం ఎక్కడ పడి, ఎంతసేపు కొట్టుకుని చచ్చిందో అన్న తలపు చలికాలమంతా ఆమెను వదల్లేదు. మంచు కరిగాక, తుపాకులు బాగుచేసే స్టిమాక్ దగ్గరికి వెళ్లి అడిగింది. తేలిగ్గా కదిలే కొత్త ట్రిగ్గర్ బయటి కంపెనీవాళ్లు చేస్తారు, తెప్పించి బిగిస్తానన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్తతో ఆ మాట చెప్పింది. వెర్న్ ట్రెవారో కౌంటీ రోడ్లమీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. అంతకంటే ముఖ్యంగా, ఊరి హాల్లో పిల్లలకు వేట భద్రత క్లాసులు చెప్పేవాడు. ఆ క్లాసు గట్టెక్కకపోతే ఎవరికీ లైసెన్సు రాదు. ఊళ్లో సగంమందికి అతను మాస్టారే.

"కొత్తదెందుకు?" అన్నాడు వెర్న్, బంగాళదుంప, మాంసం కూరిన పాస్టీని చేత్తో విరుస్తూ. "ఉన్నదాన్నే కాస్త అరగదీస్తే వెన్నలా జారుతుంది."

"స్టిమాక్ వద్దన్నాడు. దానికి పైపొరే గట్టిదట. అది అరిగిపోతే లోపలి ఉక్కు మెత్తన, పట్టు నిలవక ట్రిగ్గర్ దానంతట అదే జారొచ్చన్నాడు."

"అమ్ముకునేవాడు ఇంకేమంటాడు? పిల్లిని అడిగి పాలు పెట్టినట్టుంది నీ వరస."

"ట్రిగ్గర్ జోలికి ఇంట్లో పోవద్దని క్లాసులో నువ్వే చెబుతావు కదా."

"అది పిల్లకాయలకి. చేతకానివాళ్లకి."

"వెర్న్, అది మా నాన్న రైఫిలు. నాకు కొత్తదే కావాలి."

"మీ నాన్నది కాదన్నానా? ఇన్నేళ్లూ నూనెపెట్టి తుడుస్తున్నది మాత్రం నేను," అని అతను మళ్లీ పాస్టీలో పడ్డాడు. మాట అయిపోయిందనడానికి అది గుర్తు.

ఐలీ మర్నాడే కొత్తదానికి చెప్పేసి వచ్చింది. సీజను మొదలయ్యేలోగా రావడం అనుమానమే అన్నాడు స్టిమాక్. పోనీ, ఈ ఏడు వేటకు వెళ్లకపోతే ఏం అనుకుంది. ఆ మాట తమ్ముడు ఆర్వోతో అంటే, "నువ్వు రాకపోతే క్యాంపులో పాన్‌కేకులు ఎవరు పోస్తారక్కా? బావ పోస్తే వాటితో పడవకి చిల్లు పూడ్చుకోవచ్చు," అని నవ్వాడు.

అక్టోబరు చివర్లో ఒకరోజు ఆమె రైఫిల్ బయటికి తీసి, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, వేలు ఆనించింది. ఆనించిందో లేదో టిక్కుమంది. ఆమె గుండె కూడా అట్లాగే టిక్కుమంది.

షెడ్డులోకి వెళ్లి, "చేశావా?" అని అడిగింది.

"చేశాను. మంచి పని చేశావని ఒక్కమాట అనొచ్చు," అన్నాడు వెర్న్ తలెత్తకుండా. "గుండు లేకుండా ఎక్కుపెట్టి తుపాకీ మడమని నేలకేసి కొట్టి చూశాను, ట్రిగ్గర్ జారుతుందేమోనని. కదల్లేదు. నీ కళ్లముందు మళ్లీ కొట్టి చూపించనా?"

కొట్టి చూపించాడు. కదల్లేదు. ఆమె కోపం ఆమెకి ఉంది. తనను అడగలేదన్న కోపం, చెప్పినా విననందుకు కోపం. కానీ కంకర గుంట దగ్గరికి తీసుకెళ్లి పేల్చి చూస్తే వేలు నొప్పెట్టలేదు. గుళ్లన్నీ గురి కాగితం నడుమ ఒక చోటే పడ్డాయి. చాలాకాలానికి ఆ తుపాకీ తన మాట విన్నది. ఆ సుఖానికి ఆమె లొంగిపోయింది. స్టిమాక్‌కి ఫోను చేసి కొత్తది వద్దని చెప్పింది. "మీ ఇష్టం," అన్నాడాయన.

సీజను తొలిరోజు తెల్లవారుతుండగా ముగ్గురూ వాగుపక్క తండ్రి కట్టిన క్యాంపు గుడిసె నుంచి బయల్దేరారు. వెర్న్ గుట్టమీదికి పోయాడు. ఐలీ, ఆర్వో కాలిబాట పట్టారు. తన చోటికి చేరాక ఆమె ఆగి, తుపాకీ మూతిని నేలకు దించి, గుండు ఎక్కించి, దాన్ని లోపల బిగించే బోల్టు మూసింది. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో లేదు. మందపాటి గ్లౌజులో, తుపాకీ కర్రభాగం మీద చాచి ఉంది. బోల్టు పడడం, తుపాకీ పేలడం ఒక్కటే అయ్యాయి. మంచుకింద బండకు తగిలిన గుండు చీలి, పైకి లేచి, ముందు నడుస్తున్న ఆర్వో మోకాలి చిప్పను పిండి చేసింది.

ఆర్వో అరవలేదు. కూర్చుండిపోయి, కాలువైపు వింతగా చూసుకుంటూ, "అక్కా, ఇదేంటి?" అన్నాడు. ఆమె తన బెల్టు విప్పి తొడకు బిగించింది. చప్పుడు విని పరుగున వచ్చిన వెర్న్ అతన్ని భుజాన వేసుకుని రోడ్డుదాకా మోశాడు. ఆ మాటా చెప్పాలి. అరవై దాటిన మనిషి, ఎక్కడా దించలేదు.

ఆస్పత్రి వరండాలో వెర్న్ ఆమె పక్కన కూర్చున్నాడు. అతని కోటుమీద ఆర్వో రక్తం ఇంకా ఆరలేదు.

"వేట అధికారి వస్తున్నాడు. వేలు తగిలిందని చెప్పు."

"తగల్లేదు."

"నాకు తెలుసు."

ఆ రెండు మాటలూ అతను అంత నెమ్మదిగా అనగలగడం ఆమెను నిలువునా గడ్డకట్టించింది.

"మాస్టారే ట్రిగ్గర్ అరగదీశాడని తేలితే నా క్లాసు పోతుంది, పరువు పోతుంది, నామీద కేసు నడుస్తుంది. నీదైతే వట్టి పొరపాటు. నీ చెయ్యి బాగాలేదని ఊరందరికీ తెలుసు. జాలిపడతారు."

"ఆర్వోకేం చెప్పను?"

"వాడు ముందున్నాడు. ఏం చూశాడని?"

అధికారి కుర్రవయసులో వెర్న్ దగ్గర నేర్చుకున్నవాడే. టోపీ తీసి చేతిలో పట్టుకుని అడిగాడు. ఐలీ తన వంకర వేలు వంక చూసుకుని, "తగిలినట్టుంది," అంది. అతను జాలిపడ్డాడు. మాస్టారి మీద గురితో తుపాకీ వెర్న్ చేతికే ఇచ్చేశాడు. కోర్టులో ఆమె లైసెన్సు రద్దు చేశారు. మళ్లీ కావాలంటే భద్రత క్లాసు మొదటి నుంచీ చదవాలన్నారు.

క్రిస్మస్ ముందు వెర్న్ రైఫిల్ బల్లమీద పెట్టాడు. "పాతది నేనే విప్పేసి, స్టిమాక్ చేత కొత్త ట్రిగ్గర్ వేయించాను. నువ్వు అడిగిందే."

"పాతది?"

"సరస్సులో."

ఆమె తుపాకీ ముట్టుకోలేదు. ఏ వస్తువు కావాలని అంతగా అడిగిందో అది ఇప్పుడు కళ్లెదుట ఉంది. అది తనకోసం రాలేదు, సాక్ష్యం తుడిచెయ్యడానికి వచ్చింది.

ఏప్రిల్లో ఊరి హాల్లో, మోకాళ్లు ముందుబల్లకు తగిలే కుర్చీలో, పన్నెండేళ్ల పిల్లల నడుమ ఐలీ కూర్చుంది. వెనక తల్లిదండ్రులు. ముందు వెర్న్. తెరమీద బొమ్మలు మారుస్తూ వేలు ఎక్కడ ఉండాలో చెబుతున్నాడు.

"మన ఊళ్లోనే మొన్న జరిగింది. పేర్లు ఎందుకులెండి. ఒక్క వేలు, ఒక్క క్షణం. ఒక మనిషి బతుకంతా కుంటుతూ గడపాలి," అన్నాడు.

పిల్లలు తలలు తిప్పి ఆమెను చూశారు. పేరు చెప్పకపోవడం తనపట్ల చూపించిన మర్యాద అని అతను నిజంగానే నమ్ముతున్నట్టు ఆమెకు అనిపించింది. వరండాలో చెప్పిన అబద్ధాన్ని ఆమె మోయగలిగింది. ఈ మర్యాదను మోయలేకపోయింది. లేచి నిలబడింది.

"నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఆ ట్రిగ్గర్‌ని మా షెడ్డులో ఈయన అరగదీశాడు. బోల్టు వేస్తే పేలింది. ఈయన చెప్పమంటే నేను అబద్ధం చెప్పాను."

హాల్లో ఎవరో కుర్చీ సర్దుకున్నారు. వెర్న్ ముఖంలో కోపం లేదు. అందరికీ కనిపించేటంత ఓర్పుంది.

"ఐలీ, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అని తర్వాతి బొమ్మ వేశాడు.

అధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి టోపీ తియ్యలేదు. తుపాకీ విప్పిస్తే లోపల కొత్త ట్రిగ్గర్ నిక్షేపంలా ఉంది. పాతదేదని అడిగితే, "మా ఆవిడ దాన్ని చూడలేకపోతుంటే పారేశాను," అన్నాడు వెర్న్. ఆర్వోని అడిగితే, "నేను ముందు నడుస్తున్నాను, వెనక ఏం జరిగిందో తెలీదు," అన్నాడు. మిగిలిందల్లా కోర్టులో ఐలీ స్వయంగా చెప్పిన మాట. బేకరీకి వచ్చే ఆడవాళ్లు రొట్టెలు తీసుకుని గబగబా వెళ్లిపోవడం మొదలుపెట్టారు. తమ్ముణ్ణి కుంటివాణ్ణి చేసింది చాలక మొగుడిమీదికి నెట్టిందని చర్చి మెట్లమీద అనుకున్నారట. జబ్బు వేలినుంచి తలకెక్కిందని కూడా ఎవరో అన్నారట.

ఆమె బట్టలు సర్దుకుని వాగుపక్క గుడిసెకు మారిపోయింది. ఆపమని వెర్న్ ఎవరినీ పంపలేదు. క్లాసులు నడుస్తూనే ఉన్నాయి.

ఆకులు రాలేవేళ ఆర్వో వ్యానులో కట్టెలు వేసుకుని వచ్చాడు. ఒక కాలు ఈడ్చుకుంటూ దించడం మొదలుపెట్టాడు. ఆమె కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీకు తెలుసా?" అని అడిగింది.

అతను కప్పు అందుకున్నాడు. "బావ ఆస్పత్రిలోనే చెప్పాడు. నా మంచం పక్కన కూర్చుని ఏడ్చాడక్కా. ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను."

"నా దగ్గర ఏడవలేదు."

"నువ్వే ఒప్పుకున్నావు కదా అనుకున్నా. ఆడమనిషి, చెయ్యి బాగాలేదు, నాలుగు రోజులకి ఊరు మర్చిపోతుంది. ఆయన సంగతి అలా కాదు గదా. ఆయనకి ఉన్నది ఆ క్లాసొకటే."

"నాకేం ఉంది, ఆర్వో?"

అతను వాగువైపు చూశాడు, గుడిసె కప్పువైపు చూశాడు.

"ఊరుకుంటే పోయేదక్కా," అన్నాడు చివరికి.

"ఊరుకున్నాను. చలికాలమంతా ఊరుకునే ఉన్నాను."

ఆర్వో కాఫీ తాగి, కప్పు మెట్టుమీద పెట్టి, మిగిలిన కట్టెలు లోపల పేర్చనా అని అడిగాడు. వద్దు, బయటే పెట్టమంది. అతను ఒక్కొక్కటే తెచ్చి గోడవారన పేర్చాడు. ఆమె సాయం పట్టలేదు, లోపలికీ వెళ్లలేదు. ఆఖరి కట్టె పెట్టి అతను కుంటుకుంటూ వ్యాను ఎక్కేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది.