తలంబ్రాల జాకెట్టు

రెంటచింతలలో దయామణి దగ్గరికి గుడ్డ పట్టుకొచ్చిన ఏ ఆడమనిషికైనా ముందు ప్రశ్న ఎదురయ్యేది, టేపు తర్వాత. "ఏం పని చెయ్యడానికే ఇది?" అని అడిగేది. జాకెట్టుకు పనేంది, తొడుక్కోవడమేగా అన్నవాళ్ళకు ఆ పూట చివాట్లే.

మిరపకోతలకు పోయేవాళ్ళకు మణికట్టు దాకా చేతులు పెట్టి, చంకల కింద బాగా వదులు ఉంచి కుట్టేది. ఎండా తగలదు, ఘాటూ అంటదు. చంటిపిల్లల తల్లులకు ముందు ముడేసుకునే రవికే, హుక్కుల ఊసెత్తితే ఒప్పుకునేది కాదు. ఏడ్చే బిడ్డ నువ్వు హుక్కులు తీసిందాకా ఆగుతాడా ఏందే అని దబాయించేది. ఆదివారం చర్చి గుడికి పోయే తన కిరస్తానీ వాళ్ళకు మెడ నిండా మూసిన తెల్ల జాకెట్టు. వెనక బొత్తాలు కావాలని ఎవరన్నా ముచ్చట పడితే, "పెట్టడానికి ఇంట్లో మనిషున్నాడా, ఉన్నా నీ మాట వింటాడా?" అని నవ్వేది. ఇన్ని రకాలు గుంటూరు దర్జీలకు కూడా తెలియవని తానే చెప్పుకునేది. చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటమేమీ లేదు.

అవి యుద్ధం రోజులు. గుడ్డ కంట్రోలులో ఉంది, కార్డు మీద కొలిచి ఇచ్చేవాళ్ళు. అయినా ఊళ్ళోని పెద్ద రైతుల ఇళ్ళలో పెళ్ళి జాకెట్టంటే నరసరావుపేట పోవలసిందే. ఆ ఏడు మొదటిసారిగా అలాంటి ఇంటి ఇల్లాలు వీరరాఘవమ్మ తన కూతురు సుశీల పెళ్ళికి ఎర్రపట్టు ముక్క దయామణి చేతిలో పెట్టింది. దయామణికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఈ ఒక్కటి నెగ్గిందా, ఊళ్ళో పెళ్ళి జాకెట్లన్నీ తన గుమ్మానికే వస్తాయి. చెడిందా, ఇక ఎప్పటికీ మిరపకోత రవికలే.

సుశీలకు బుట్ట చేతులు కావాలి. పేటలో ఎవరికో చూసి మనసు పడింది. దయామణి పట్టునంతా కుచ్చులు పోసి, భుజాల మీద బుట్టలు నిండుగా నిలబెట్టి, చంక బిగించి కుట్టింది. పిల్ల తొడుక్కుంటే చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేదు. ఎప్పుడూ అడిగే ప్రశ్న మాత్రం ఆ రోజు అడగలేదు. పెళ్ళికేగా, ఇంక అడిగేదేముందనుకుంది.

పెళ్ళికి ముందునాటి సాయంత్రం గురజాల నుంచి మగపెళ్ళివాళ్ళు దిగారు. పెళ్ళికొడుకు త్రికోటేశ్వరరావు బండిలోంచి దిగడం మొదలుపెట్టి చాలాసేపు దిగుతూనే ఉన్నాడు. అంత పొడగరి. గుంపులో ఎవరో, "తలంబ్రాలు పొయ్యాలంటే మన సుశీల నిచ్చెనెక్కాల్సిందే" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. దయామణికి మాత్రం తను బిగించి కుట్టిన చంక గుర్తొచ్చింది.

ఆమె ఇంతవరకు కుట్టిన పెళ్ళి జాకెట్లన్నీ తన వాళ్ళవే. వాళ్ళ పెళ్ళికూతురు గుడిలో పూలగుత్తి పట్టుకుని తల వంచుకు నిలబడుతుంది. చేతులు రొమ్ము దాటి పైకి లేవవు. ఆ చేతులనే మనసులో పెట్టుకుని సుశీలకూ కుట్టింది. ఎంత బుద్ధితక్కువ పని అని తనను తాను తిట్టుకుంది. అయితే తిట్టుకుంటూ కూర్చునే మనిషి కాదు.

తెల్లారగానే కత్తెర, సూది, దారం కొంగున కట్టుకుని పెళ్ళివారింట్లో వాలింది. సుశీలను జాకెట్టు తొడుక్కోమంది.

"చేతులెత్తమ్మా. ఆ పొడుగోడి నెత్తిన పోస్తున్నట్టు ఎత్తు."

సుశీల ఎత్తింది. భుజం దాకా వచ్చి చేతులు ఆగిపోయాయి. ఇంకాస్త లాగేసరికి చంక దగ్గర పటుక్కుమని ఒక కుట్టు తెగింది.

"తప్పు నాదే అత్తా" అంది దయామణి వీరరాఘవమ్మతో. "బుట్టల్లో కుక్కిన గుడ్డ కొంత తీసి చంక కింద వేస్తే చేతులాడతయ్. ముహూర్తానికి ముందే ఇస్తా."

"పసుపు పెట్టి దేవుడి ముందుంచిన గుడ్డే అది! పెళ్ళిపూట దాని మీద కత్తెరేందే, నీకేమన్నా మతి పోయిందా?"

"నేను కత్తెర పెట్టకపోతే పందిట్లో అదే చినుగుద్ది. అప్పుడు చూసేది మనం ముగ్గురమే కాదు."

సుశీల బుట్టలను ఒకసారి ఆశగా తడుముకుంది.

"పోతే పోనియ్యమ్మా" అంది. "తలమీద పొయ్యలేకపోతే ఆయన జన్మంతా ఎత్తిపొడుస్తాడు. దానికంటే బుట్టలు పోవడమే నయం."

తల్లి కూతురి ఒంటిమీంచి జాకెట్టు విప్పించింది. "అయితే మొదటి కత్తిరింపు నా చేత్తోనే పడాల. పునిస్త్రీ చెయ్యి" అంది. దయామణి కుట్లు విప్పి, పట్టు మీద గోటితో గీత గీసి, కత్తెర ఆమె చేతికిచ్చింది. దయామణి ఆ చేతి మీద తన చెయ్యి వేసి నడిపించింది. తర్వాత దయామణి సూది ఎంత వేగంగా పరిగెత్తిందంటే, బయట మేళం అందుకునేసరికి చివరి ముడి పడింది. బుట్టలు సగానికి తగ్గాయి. చంక కింద ఒక్కో నలుచదరపు ముక్క వచ్చి చేరింది.

పందిట్లో తలంబ్రాల పళ్ళేలు తెచ్చిపెట్టారు. పెళ్ళికొడుకు, తనకేం భయమన్నట్టు నవ్వుతూ నిటారుగా నిలబడ్డాడు. జనమంతా పెళ్ళికూతురి ముఖం చూస్తుంటే దయామణి ఒక్కతే చంక వైపు చూస్తోంది. సుశీల దోసిలి నిండా తీసుకుంది, మునివేళ్ళ మీద లేచింది, రెండు చేతులూ బారుగా పైకెత్తి అతని నడినెత్తిన కుమ్మరించింది. అతను తేరుకునేలోగా మళ్ళీ పోసింది. మూడోసారికి పసుపు బియ్యం కళ్ళలో పడి, అంత మనిషీ తల వంచాడు. పందిరి ఈలలతో, నవ్వులతో దద్దరిల్లింది. కుట్టు ఒక్కటీ కదల్లేదు. దయామణికి కళ్ళు చెమర్చాయి. పొయ్యి పొగని పక్కవాళ్ళతో అబద్ధమాడింది.

పెళ్ళివారు వెళ్ళిపోయాక ఒక పొద్దున వీరరాఘవమ్మ చంకలో గుడ్డతో దయామణి గుమ్మంలోకొచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మలక్కలు, వాళ్ళ చేతుల్లోనూ గుడ్డలే. దయామణి టేపు తీసి, ఎప్పటిలాగే "ఏం పని చెయ్యడానికి అత్తా?" అని అడగబోయింది.

వీరరాఘవమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు. గుడ్డ మిషను మీద పడేసి, వాకిట్లో అందరి ముందూ రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడింది.

"ఇట్టా ఉండగానే కొలత తీసుకో" అంది.